నా చేతి చుక్కలు

మదురైలో మా అమ్మమ్మకు కళ్ళ విషయంలో మంచి పేరుండేది. వైద్యురాలేం కాదు. కంట్లో నలక పడినవాళ్ళు, పొయ్యి పొగకు కళ్ళు ఎర్రబడినవాళ్ళు పొద్దున్నే మా సందులోకి వచ్చి ఆమె ముందు కూర్చునేవారు. ఆమె చీర కొంగు కొస తడిపి, మెలిపెట్టి, రెప్ప తిప్పి నలక తీసేది. తర్వాత ఒక చుక్క ఆముదం వేసేది. వాళ్ళు కాసేపు కళ్ళు మూసుకుని, "సల్లగా ఉండాది పెద్దమ్మా" అని లేచి వెళ్ళేవారు. మావాళ్ళు దాన్ని హస్తవాసి అంటారు. పక్కింటి తమిళులు కైరాసి అంటారు. అది ఇంట్లో ఒక్కరికే దిగుతుందని నమ్మకం. మా అక్కచెల్లెళ్ళలో నాకే దిగిందని అమ్మమ్మ తేల్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ రోజు నుంచీ నాకు కాస్త పొగరు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత జరిగినదానికంతా ఆ పొగరే మూలం.

పెళ్ళయ్యి కోయంబత్తూరు వైపు వచ్చాక అవినాశి దగ్గర ఒక బనియన్ కంపెనీలో చెకింగ్ పనికి చేరాను. కుట్టి వచ్చిన పీసును ట్యూబ్‌లైటు కింద పరిచి, చిల్లు, మరక, తప్పిన కుట్టు ఉన్నాయేమో చూసి పక్కకు తోయడం మా పని. రోజంతా గాల్లో దూది నూగు తేలుతూ ఉంటుంది. జుట్టులో, ముక్కులో, టీ గ్లాసులో అదే. మధ్యాహ్నం దాటేసరికి ఆడవాళ్ళందరూ కళ్ళు నులుముకుంటూ ఉంటారు.

ఒక ఏడాది మా లైనులో అందరికీ కళ్ళకలక వచ్చింది. అక్కడ దాన్ని మద్రాస్ ఐ అంటారు. ఎవరో డాక్టరు వారం రోజులకని చుక్కల మందు రాసిచ్చాడు. వారంలో కలక పోయింది, సీసాలో కొంచెం మందు మిగిలింది. పారేయడమెందుకని దూది దురదకు ఒకామెకు వేసి చూశాను. మర్నాటికల్లా ఎరుపు పోయింది, దురద పోయింది. ఆమె నా చేతులు పట్టుకుంది. వారం రోజులే వాడాలని రాసిన చీటీ ఎక్కడో పోయింది, ఖాళీ సీసా మాత్రం నా సంచిలో ఉండిపోయింది. మందుల షాపులో ఆ ఖాళీ సీసా చూపిస్తే కొత్తది చేతిలో పెట్టేవారు.

అలా మొదలైంది. సాయంత్రం టీ విరామంలో బల్ల మీద వరసగా కూర్చుని తలలు వెనక్కి వాల్చేవారు. నేను తెల్ల మూత విప్పి, కింది రెప్ప లాగి, ఒక్కొక్క కంటికి ఒక్కొక్క చుక్క వేస్తూ వెళ్ళేదాన్ని. వాళ్ళే వేసుకుంటే సగం బుగ్గ మీద పడేది. నా చేతి నుంచి మాత్రం ఒక్క చుక్క కూడా పక్కకు పోయేది కాదు. "అక్కా, మీ చెయ్యి తగిల్తే చాలు" అనేవాళ్ళు. ఆ మాట వినడానికే నేను పనికి పోయేదాన్నేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. నా కళ్ళకు పెద్దగా దురద ఉండేది కాదు, అందుకని నేను ఒక్కనాడూ వేసుకోలేదు.

ఆ వరసలో మొదటి మొహం ఎప్పుడూ మా ఆడబిడ్డదే. నా భర్తకు చెల్లెలు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. పక్క వాటాలోనే కాపురం, ఒకే వ్యానులో పనికి పోయేవాళ్ళం, ఒకే టేబుల్ దగ్గర నిలబడేవాళ్ళం. దూది ఆమెకు అందరికంటే ఎక్కువ పడదు. రొమ్ము పట్టేసి ఈల వేసినట్టు ఊపిరి తీసేది, కళ్ళు చింతనిప్పుల్లా అయ్యేవి. అందుకని ఆమెకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసేదాన్ని. ఆదివారాలు ఇంట్లో కూడా వేసేదాన్ని. నాలుగేళ్ళు వేశాను.

నాలుగో ఏడు ఆమె చూసి పంపిన పీసులు తిరిగి రావడం మొదలైంది. ఎడమ చేతి వైపు అంచున ఇంత మరక, ఆమెకు కనబడలేదు. సూపర్‌వైజరు ఆమె మీద అరిచాడు. ఇంటికి వచ్చాక నేను అంతకంటే గట్టిగా అరిచాను.

"కళ్ళు నెత్తికెక్కినాయా అమ్మిణీ? అంత పెద్ద మరక యాల చూడలే?"

"చూస్తినే వదినె. ఆడ ఏమీ లేదు."

లేదంటే నాకు ఒళ్ళు మండింది. నిర్లక్ష్యం అనుకున్నాను. ఆ తర్వాత ఆమె పీసులను నేనే చాటుగా మరోసారి తిరగేసి పంపేదాన్ని. ఆమె తలుపు దారబందానికి భుజం కొట్టుకునేది. నేల మీది బుట్టలకు తగిలి తూలేది. "నేల చూసి నడు" అనేదాన్ని. ఒకరోజు అవినాశిలో రోడ్డు దాటుతుంటే ఎడమ వైపు నుంచి వచ్చిన మోటార్ సైకిలుకు ఎదురుగా నింపాదిగా నడిచింది. నేను జాకెట్టు పట్టి వెనక్కి లాగాను. బండివాడు తమిళంలో నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె మాత్రం వాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

మర్నాడే కళ్ళద్దాల షాపుకు తీసుకెళ్ళాను. ఒక్కో కన్ను మూసి అక్షరాలు చదవమన్నారు. రెండు కళ్ళతోనూ అట్టడుగు వరస దాకా గడగడా చదివేసింది. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. నేను ఊపిరి పీల్చుకుని, ఆ సాయంత్రం కూడా రెండు చుక్కలు వేశాను.

ఇంకో రెండు నెలలకు ఆమె మరుగుతున్న అన్నం గిన్నెను మోచేత్తో తోసేసింది. గంజి కాలి పక్కన పడింది, దేవుడి దయవల్ల కాలి మీద పడలేదు. అప్పుడు నా భర్త నా మీద విరుచుకుపడ్డాడు. "షాపులో చదివితే చాలునా? పెద్దాస్పత్రికి పిల్చుకొని పో" అన్నాడు. కోయంబత్తూరులోని కంటి ఆసుపత్రికి బయల్దేరాం. నా సంచిలో టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, ఎప్పటిలాగే తెల్ల మూత సీసా.

ఆసుపత్రిలో ముందు కంటికి మొద్దుబారే మందు వేసి, నీలం దీపాన్ని కనుగుడ్డుకు ఆనించి లోపలి ఒత్తిడి చూశారు. చూసిన అమ్మాయి మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత ఒక చీకటి గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ తెల్లటి గిన్నెను పక్కకు తిప్పి పెట్టినట్టు ఒక యంత్రం ఉంది. గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని, నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి. నన్ను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోమన్నారు. వెలుగులు నాకు కనబడవు, బటన్ చప్పుడు మాత్రం వినబడుతుంది. కుడికన్ను వంతున టిక్కు, టిక్కు అని వినిపిస్తూ మధ్యమధ్య ఆగింది. తర్వాత ఎడమకన్ను వంతు వచ్చింది. ఒక టిక్కు, తర్వాత ఏమీ లేదు. యంత్రం లోపల గరగరమని ఏదో కదులుతూనే ఉంది, ఆమె నొక్కడం లేదు. నేను నా బొటనవేలితో ఒళ్ళో నొక్కుకుంటూ కూర్చున్నాను. నొక్కు అమ్మిణీ, నొక్కు, నిద్రపోయావా అని లోపల్లోపల తిట్టుకున్నాను. ఆమె నిద్రపోలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. తమిళంలో మెల్లగా, విడమరిచి చెప్పింది. రెండు కాగితాలు మా ముందు పెట్టింది. కుడికంటి కాగితంలో ముక్కు వైపున నల్లగా మరక. ఎడమకంటి కాగితం దాదాపు అంతా నలుపే, నడిమధ్య రూపాయి బిళ్ళంత తెలుపు. "ఆ తెలుపుతోనే ఈమె అక్షరాలు చదివేస్తోంది. అందుకే ఎవరికీ తెలియలేదు" అంది. కంటి లోపల నీరు ఊరుతుందట. ఊరిన నీరు ఊరినట్టు బయటికి పోవాలి. పోయే దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, చూపును మోసే నరం నలుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. పోయింది తిరిగి రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవడమే ఇంక చేయగలిగేది.

అప్పుడు నాకు అమ్మమ్మ మాట ఒకటి గుర్తొచ్చింది. నీటికాసులు. ఆమె దగ్గరికి కొందరు ముసలివాళ్ళు వచ్చేవారు. వాళ్ళ కళ్ళు చూసి, వాళ్ళు నడిచే తీరు చూసి, కొంగు కూడా తడిపేది కాదు. "ఇది నీటికాసులు మాదిరి ఉండాది నాయనా, నా కాడ దీనికి మందు లేదు, ఆస్పత్రికి పో" అని అప్పుడే లేపి పంపేసేది. ఆ మాట నేను వందసార్లు విన్నాను. హస్తవాసి ఇచ్చింది కానీ, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలో మాత్రం నేను నేర్చుకోలేదు.

డాక్టరమ్మ ప్రశ్నలు అడుగుతూ రాసుకుంటోంది. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా? లేదు. చక్కెర జబ్బు? లేదు. కంటికి దెబ్బ? లేదు. ఈ వయసుకు ఇంత పాడవడం మామూలుగా జరగదని, కొన్ని చుక్కల మందులు నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరుగుతుందని చెప్పి, తల ఎత్తి అడిగింది.

"ఏవైనా చుక్కలు వాడుతున్నారా?"

"లేదు" అన్నాను.

ప్రశ్న ఆమెను అడిగితే జవాబు నేను చెప్పాను. మా ఆడబిడ్డ నా వైపు తిరిగింది. చూపు తక్కువైనవాళ్ళు తిరిగినట్టు తల మొత్తం తిప్పి చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఆయాసం ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది. "ఆమా డాక్టరమ్మా, పంజు పడదు, రొమ్ము పట్టుకొంటాది" అని మా ఆడబిడ్డ తనే చెప్పింది. ఆమా అంటే అవును, పంజు అంటే దూది. డాక్టరమ్మ అప్పటికే రాసిన ఒక మందు పేరును అడ్డంగా కొట్టేసింది. ఆయాసం ఉన్నవాళ్ళకు అది వేస్తే ఊపిరి అందదని, చెప్పడం మంచిదైందని అంది. కింద వేరే పేరు రాసి, రెండు వారాల తర్వాత రమ్మంది. ఒత్తిడి దిగకపోతే లేజరో ఆపరేషనో చూడాలి, ఎడమకంటికి ఎక్కువ టైము లేదు అంది.

గాంధీపురం బస్టాండులో అవినాశి బస్సు ఎక్కి కూర్చున్నాం. ఇంజను ఆన్‌లోనే ఉంది. నా తలలో ఆ కొట్టేసిన గీతే తిరుగుతోంది. ఆమె నిజం చెబితే డాక్టరమ్మ మందు మార్చింది. నేను అబద్ధం చెప్పాను కనుక ఏమి మార్చలేదో నాకు తెలియదు.

"వదినె, ఆ చుక్క ఉండాదా?" అంది మా ఆడబిడ్డ. "ఆ లైట్లకి కళ్ళు మండతా ఉండాయి. కొంచెం ఎయ్యి."

సీటుకు తల వాల్చేసింది. టీ విరామంలో వాల్చినట్టే, నోరు కొంచెం తెరిచి, నన్ను నమ్మి. అలవాటు ఎంత చెడ్డదంటే, నా చెయ్యి సంచిలోకి వెళ్ళింది, మూత విప్పింది, ఎడమచెయ్యి కింది రెప్ప లాగింది. సీసా మూతి దగ్గర చుక్క ఊరి వేలాడింది. అది పడితే ఏమవుతుందో నాకు తెలుసని నాకు తెలుసు. ఇంక తెలియనట్టు నటించడానికి వీల్లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చుక్క నా చీర మీద పడింది.

"లే. దిగు."

"యాల? బస్సు పోతాదే!"

"పోనీ. దిగు అంటిని కదా!"

తిరిగి ఆసుపత్రికి వెళ్తే, టోకెన్లు ఇచ్చేవాళ్ళు అయిపోయింది, రేపు రండి అన్నారు. నేను గొంతు లేపాను. ఏమి అరిచానో గుర్తు లేదు, వరండాలో వాళ్ళందరూ తిరిగి చూశారు. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నేను సీసా ఆమె ముందు పెట్టాను.

"పొద్దున అబద్ధం చెప్పాను. ఇది నాలుగేళ్ళుగా రోజూ వేస్తున్నాను. నేనే వేశాను."

ఆమె సీసాను దీపం వైపు తిప్పి సన్న అక్షరాలు చదివింది. స్టెరాయిడ్ అంది. ఈలోగా మా ఆడబిడ్డ ముందుకు వచ్చి, "ఆమె మీద తప్పు లేదు డాక్టరమ్మా. నేనే అడిగి ఏపించుకొంటి" అంది. నాకు ఆ క్షణాన ఆమెను కొట్టాలనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనీ అనిపించింది. డాక్టరమ్మ కోప్పడలేదు. అది చెడ్డ మందు కాదని, ఎవరూ చూడకుండా ఏళ్ళ తరబడి వేస్తేనే చెడ్డదని చెప్పింది. ఈ రోజు నుంచే ఆపేయాలంది. ఆపితే కొందరిలో ఒత్తిడి దానంతటదే దిగుతుందట. దూది దురదకు వేరే మందు రాసింది. రెండు వారాలు కాదు, మూడు రోజుల్లో రమ్మంది. పొద్దున మా ఆడబిడ్డ నిజం వల్ల మందు మారినట్టే, ఇప్పుడు నా నిజం వల్ల వైద్యం మారింది. తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది.

"ఇది ఇంకెంతమందికి వేశారు?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి ఆపేశాను.

తిరుగు బస్సులో నేనే అడిగాను. "నేను లేదు అన్నప్పుడు నువ్వు యాల చెప్పలే?"

ఆమె కిటికీ వైపు తిరిగే జవాబిచ్చింది. "చెప్తే అందరి ముందర నీ మర్యాద పోతాది కదా వదినె."

నా మర్యాద కోసం ఆమె కళ్ళు పోగొట్టుకోవడానికి సిద్ధపడింది. అది విన్నాక దిగేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీటామె ఏమైందని అడిగితే పంజు పడిందని చెప్పాను.

మర్నాడు టీ విరామంలో తలలు వరసగా వాలాయి. నేను సీసా తీయలేదు. ఉన్నదంతా చెప్పాను. కొందరు నమ్మారు, ఆసుపత్రికి పోయి చూపించుకున్నారు. అందులో ఒకామెకు ఒత్తిడి పెరిగే ఉంది. నరం ఇంకా నలగలేదు, మందు ఆపితే దిగిపోయింది. కొందరికి కోపం వచ్చింది. "మీ ఆడబిడ్డకి ఒకటి అయితే మాకూ అవుతాదా?" అని ఒకామె తనే పోయి సీసా కొనుక్కుంది. రోజూ ఆమె ముందు నిలబడి పోట్లాడాను. సీసా లాక్కుని డ్రెయినేజీలో పారేసిన రోజూ ఉంది. నా మర్యాద అలా పోయింది, మంచిదే అయింది.

కుడికంటి ఒత్తిడి మందులకు దిగింది. ఎడమది దిగలేదు. ఆపరేషన్ అన్నారు. కంటి తెల్లభాగంలో నీరు పోవడానికి సన్నని కొత్త దారి చేస్తారట. దానితో పోయిన చూపు రాదని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. అయినా కట్టు విప్పిన రోజు మా ఆడబిడ్డ తల ఎత్తి పక్కలకు చూసి, "అంతేనా?" అంది. ఆ మూడక్షరాలకు డాక్టరమ్మ కూడా తల దించుకుంది.

కుడికంటికి రోజూ చుక్కలు వేయాలి, బతికున్నంతకాలం. మొదటి సాయంత్రం నేను చేతులు కడుక్కుని వెళ్ళాను. ఆమె సీసాను గుప్పిట్లో దాచుకుంది. "వొద్దు వదినె. నేనే ఏసుకొంటా" అంది. కోపంగా అనలేదు. మొదటి చుక్క బుగ్గ మీద పడింది, రెండోది కనుబొమ మీద. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నేర్చుకుంది. నెల తిరక్కుండా అద్దం లేకుండానే సరిగ్గా వేసుకుని, కంటి మూల వేలితో అదిమి పట్టి, కళ్ళు మూసుకుని కూర్చోవడం చేతనైంది. ఏడాది పాటు ఆ సీసాను నన్ను తాకనివ్వలేదు. బయటికి పోతే ఎడమ పక్కన తన అన్న నడవాల్సిందే. నేను వెనకాల సంచి మోసుకుంటూ నడిచేదాన్ని. అడిగే హక్కు నాకు లేదని ఊరుకున్నాను.

మొన్న మళ్ళీ ఆ చీకటి గది పరీక్ష. ఈసారీ అదే స్టూలు మీద కూర్చున్నాను. కుడికన్ను వంతున టిక్కులు ఆగిన చోటే ఆగాయి, సాగిన చోట సాగాయి. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి డాక్టరమ్మ వేలితో చూపించింది. నలుపు ఎక్కడుందో అక్కడే ఉంది. ఒక్క నూలుపోగంత కూడా జరగలేదు. నా భర్త ఆ రోజు పనికి పోయాడు, మేమిద్దరమే వచ్చాం.

అవినాశిలో బస్సు దిగి రోడ్డు దాటాలి. బళ్ళు ఆగకుండా పోతున్నాయి. నేను అలవాటుగా ఆమె వెనకాల నిలబడ్డాను. ఆమె తల మొత్తం తిప్పి నన్ను వెతుక్కుంది.

"ఆడ యాల నిలబడితివి? ఎడమ పక్కకి రా వదినె," అంది. "ఆ పక్క నాకు ఏమీ కనపడదు."

వెళ్ళి ఆ పక్కన నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం రోడ్డు దాటాం.